బయటి బెంచీ

తన పెళ్ళికి పది నిమిషాలుందనగా థేన్ హాల్లోంచి బయటికి పరుగెత్తుకొచ్చాడు. తండ్రి లావర్, మోర్మన్ క్రైస్తవ పెద్దలు గుడికి వేసుకునే నల్లసూటులో, మంచు పడుతున్నా బెంచీ మీద బిగుసుకుని కూర్చున్నాడు.

"లోపలికి రా నాన్నా. గారెట్ వాళ్ళ అమ్మానాన్నా వచ్చారు."

"రానురా. మగాడికి మగాడితో పెళ్ళంటే నా మతం ఒప్పుకోదు. నా నమ్మకం నాది, బలవంతం చెయ్యకు."

"చెయ్యన్లే. మరి లోగన్ నుంచి ఇంత దూరం ఎందుకొచ్చినట్టు? నా పరువు తియ్యడానికా?"

లావర్ బూట్ల మీది మంచు దులుపుకున్నాడు.

"మీ అక్క పెళ్ళప్పుడు మన సంఘానికి బిషప్‌ని నేనే. నువ్విలాంటివాడివని, గుళ్ళోకి రానిచ్చే చీటీ నీకు రాసివ్వలేదు."

"గుర్తులేకేం? బయటే కూర్చున్నాను, ఇలాంటి చలిలోనే."

"నిన్ను లోపలికి రానివ్వని పెళ్ళికి కూడా వచ్చావు. అందుకే వచ్చాను."

లోపల పియానో మొదలైంది.

"వెళ్ళు, అతను ఎదురుచూస్తుంటాడు," అన్నాడు లావర్. "ఎంతసేపు పడుతుందిరా?"

"పావుగంట."

"అంతేనా?" అన్నాడాయన. "నువ్వు రెండు గంటలు కూర్చున్నావురా."

ఆ రెండు గంటలూ ఎవరి కంటా పడలేదనుకున్నాడు థేన్, ఇన్నేళ్ళూ.