కుప్ప అడుగున

“మీరు కాసేపు బయట కూర్చోండి,” అంది డాక్టర్ కరుణశ్రీ.

భూమన్న కదల్లేదు. “నా కొడుకు మస్కట్‌ల ఉన్నడు మేడం. కోడలి జిమ్మేదారి నాదే. నేనీడ్నే ఉంట.”

మంచం మీద పద్మలత తల దించుకుని కూర్చుంది. పొద్దుటి నుంచి ఆయాసం. ఆటో దిగి లోపలికి రావడానికే మూడుసార్లు ఆగింది.

ఆర్మూర్‌లో భూమన్నది ముప్పై ఏళ్ల పసుపు వ్యాపారం. పైన మెరిసే కొమ్ములు చూసి ఎన్నడూ బేరం కుదుర్చుకోలేదు. కుప్పలో మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు కొమ్ము తీసి విరిచి చూస్తాడు. అది బాల్కొండ సరుకో మోర్తాడ్ సరుకో కళ్లు మూసుకుని వాసనతో చెప్పేస్తాడు.

“ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ కట్టిందేమోనని అనుమానం,” అంది డాక్టర్. “దీనికి ఎనిమిది అంశాల లెక్క ఉంది. ఒక్కటీ లేకపోతే స్కానింగ్ అక్కర్లేదు.”

వయసు చిన్నదే. నాడి, ఆక్సిజన్ బాగానే ఉన్నాయి. మూడు పోయాయి. మిగిలినవి అడగసాగింది.

“దగ్గితే రక్తం పడుతోందా? ఈమధ్య ఆపరేషన్ ఏమైనా? ఏదైనా కాలు వాచిందా? ఇంతకుముందు గడ్డ కట్టిందా? హార్మోన్ మాత్రలు వాడుతున్నావా?”

ప్రతిదానికీ పద్మలత మామ వైపు ఓసారి చూసి, “లేదు మేడం” అంది.

డాక్టర్ మంచం చివరికి వంగింది. పద్మలత తన పాదాలను చీర కిందికి లాక్కుంది.

“లేదని చెప్తుంది గదా మేడం, ఇంకేం చూస్తరు?” భూమన్న అడ్డొచ్చాడు. “ఆయాసం ఛాతిల ఉంటే గా సీటీ స్కానింగ్ తీయుండ్రి. పైసల ఫికర్ లేదు.”

“పైసలున్నాయని తీసేది కాదు పెద్దయ్యా. ఊరికే రేడియేషన్ ఎందుకు? ఆమె చెప్పినదాన్ని బట్టి అవసరం లేదు.”

“పైపైన చూసి కొనేటోడు మునుగుతడు మేడం. నా ఉమర్ల మస్తుమందిని చూసిన.”

డాక్టర్ నవ్వి మందులు రాసింది. తేడా చేస్తే ఆలస్యం చేయకుండా తీసుకురమ్మంది. గదిలో ఉడికిన పసుపు వాసన. తన చొక్కాదే అనుకున్నాడు భూమన్న.

మూడో రోజు పద్మలత వంటింట్లో కూలిపోయింది. నిజామాబాద్ చేరేసరికి ప్రాణం లేదు. ఊపిరితిత్తుల్లో గడ్డే అన్నారు అక్కడ.

శవం ఇంటికి రాగానే భూమన్న వాకిట్లో పదిమందిని పోగేశాడు.

“స్కానింగ్ తీయుమని మొత్తుకున్న! విన్నదా? లెక్కలు చెప్పి నా కోడల్ని సంపింది. గా దవాఖానకు తాళం పడాలె ఇయ్యాల!”

మోటార్ సైకిళ్లు స్టార్టయ్యాయి.

పెరట్లో కోడలికి కడపటి స్నానం చేయిస్తున్న గంగాబాయి, భూమన్న భార్య, తడి చీరతోనే వాకిట్లోకి వచ్చింది. మొగుడి బండికి అడ్డంగా నిలబడింది. ఆమె చేతిలో పసుపు మరకల గుడ్డపట్టీ ఒకటి వేలాడుతోంది.

“ఎవల మీదికి పోతున్నవ్?” అంది.

“జరుగు. నేను అడిగింది గా డాక్టరమ్మ చేస్తే పిల్ల బతుకుతుండె.”

గంగాబాయి ఆ పట్టీని అతని ఒళ్లో పడేసింది.

“గా దినం దవాఖానకు పోయేటాళ్లకే దాని ఎడమ కాలు ఇంత లావు వాసి ఉండె, పసుపు ఉడికిచ్చి ఈ కట్టు కట్టి పంపింది నేనే, మామ పక్కనే నిలవడ్డంక అది చీరెట్ల ఎత్తి చూపిస్తది?”