తొంభై ఏళ్ల ఈస్టు

నురగ రాలేదు.

కంపెనీ కెమిస్ట్ ఫాన్ లూక్ గాజు జాడీని కిటికీ వెలుగులోకి ఎత్తి చూశాడు. ఒడిలోన్ చూడలేక మొహం తిప్పుకున్నాడు.

ఒడిలోన్ తాత నాటి ఈస్టు అది. తొంభై ఏళ్లుగా బెల్జియంలోని ఈ ఫ్లెమిష్ ఊరి బీరుకి ఆ రుచి దానివల్లే. ఇప్పుడు ఒడిలోన్ బ్రూవరీని ఒక పెద్ద బీరు కంపెనీ కొని మూసేసింది. పనివాళ్ళు తలోదారి పట్టారు. రాగి కాగులు పోయిన నెలే లారీ ఎక్కాయి. ఒప్పందం ప్రకారం ఈస్టు కూడా కంపెనీదే. మాల్ట్ రసంలో, అంటే మొలకెత్తించిన బార్లీ కాచి తీసిన తీపి నీళ్ళలో, వేసి చూస్తారు. ఒక్కరోజులో పొంగితే పెద్ద ఫ్యాక్టరీకి పట్టుకుపోతారు. పొంగకపోతే వాళ్ళకి అక్కర్లేదు.

ఇది మూడో పరీక్ష. ఆఖరిది.

ఒడిలోన్ భార్య గోడెలీవ్ కాఫీ తెచ్చింది. "చేదుగానే తాగాలి బాబూ. మా ముసలాయన నెలలో నాలుగు డబ్బాల చక్కెర ఊదేశాడు. దిగులేస్తే తీపి మీదకి మనసు పోతుందట."

ఫాన్ లూక్ నవ్వలేదు. జాడీ కిందపెట్టాడు.

"రసంలో ఉన్న కాస్త గ్లూకోజు మింగేసి చేతులు ముడుచుకు కూర్చున్నాయి. మాల్ట్ చక్కెరని విడగొట్టే ఎంజైములే తయారు చేసుకోవడం లేదు. ఏం చేశారండీ వీటిని?"

"ఏం చేస్తాను? కన్నబిడ్డల్లా చూసుకున్నాను. ఏ లోటూ రానివ్వలేదు." అన్నాడు ఒడిలోన్.

"ముసలివైపోయాయి పెద్దాయనా. ఇక పనికిరావు."

కాగితం మీద అడ్డంగా గీత కొట్టి, జాడీని తొట్టిలో కుమ్మరించి, కారెక్కి వెళ్ళిపోయాడు.

తొట్టిలోంచి పులిసిన వాసన వచ్చింది. ఒడిలోన్‌కి డెబ్బై రెండేళ్ళ వయసు. కాగు లేదు, పొయ్యి లేదు, పక్కన నిలబడే మనిషి లేడు.

గోడెలీవ్ ఊరుకోలేదు. "మీ నాన్న మాల్ట్ రసం తప్ప వీటి నోట ఇంకో తీపి పడనిచ్చేవాడా? తేరగా దొరికితే ఒళ్ళు వంచవు, మళ్ళీ దారిలో పెట్టాలంటే వారం పడుతుంది అనేవాడు. ఆయన అంత కట్టడిగా పెంచితే, నీ చేతుల్లో ఇలా తగలడ్డాయి. నేలమాళిగలో మిగిలిన ఆ ఈస్టు కుండ కూడా కడిగిపారేస్తాను, తే."

"నేను చూసుకుంటాలే," అంటూ లేచాడు ఒడిలోన్.

నేలమాళిగలోకి దిగి, తలుపు గడియపెట్టి, నెల రోజులుగా తన చేత్తోనే పోస్తూ వచ్చిన చక్కెర నీళ్ళు మెల్లగా వంచేసి, కుండ అడుగున మిగిలిన ఈస్టు మీద చెంబెడు మాల్ట్ రసం పోశాడు.