బోర్లించిన గిన్నె

“ఈ పొద్దు గూడా ఉప్పు తప్పితే, రేపట్నుంచి గరిటె అక్రమ్ చేతికిస్తా నయీమూ.”

మసీదు పెద్ద అలీ అహ్మద్ మాటలో కోపం లేదు, నిశ్చయం ఉంది. దానికన్నా కోపమే నయమనిపించింది నయీంకు. కట్టెలు ఎగదోస్తున్న బామ్మర్ది అక్రమ్ తల వంచుకున్నాడు.

ప్రొద్దుటూరులో ఆ మసీదు వెనక వంటపాకలో రంజాన్ గంజి ఉడుకుతోంది. ఇంకో గంటలో వంద మంది దానితో ఉపవాసం విడుస్తారు. వండేవాళ్లూ ఉపవాసమే కనుక రుచి చూసే నాలుక లేదు. ఉప్పు పడిందో లేదో జ్ఞాపకమే చెప్పాలి. పదకొండేళ్లు నయీం జ్ఞాపకం తప్పలేదు. నిరుడు అతని నరాలకు మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే జబ్బు పట్టింది. కాళ్ల తిమ్మిరికి అలవాటు పడ్డాడు గానీ, చేసిన పని చేశానో లేదో తెలియకపోవడానికి అలవాటు పడలేకపోయాడు.

సోమవారం ఉప్పు నిజంగానే మరిచాడు. మర్నాటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాడు: ఉప్పు ఒకే గిన్నెతో కొలవడం, వేయగానే ఆ గిన్నె బోర్లించడం. అయినా వరసగా రెండు రోజులు గంజి ఉప్పుకషాయమైంది. రెండుసార్లు వేశావన్నారు అందరూ. అతడూ నమ్మాడు. నమ్మిన తరువాత మెల్లగా ఆలోచించాడు. అతని బుద్ధి ఇప్పుడు మెల్లగానే నడుస్తుంది. నడవడం మాత్రం మానలేదు.

“వేసినావా?” అన్నాడు అలీ అహ్మద్.

నయీం అరుగు మీద ఉప్పు డబ్బా పక్కన బోర్లించి ఉన్న గిన్నెను చూపించాడు.

“గిన్నెను అడగలే అప్పా, నిన్ను అడుగుతాండా. గుర్తుందా?”

“గుర్తుతో పనేముంది చాచా? గిన్నె ఉంది గదా.”

“గిన్నె సాక్ష్యం యాడన్నా చెల్తాదా? డెబ్బై ఏండ్లొచ్చినాయి నాకు, ఒక్కటి మర్సిపోలే.” రోజూలాగే ఆయన వచ్చి పొయ్యి దగ్గర నిలబడ్డాడు. “పో, వజూ చేసుకో పో. అంతవరకు నేను కలబెడతాంటా.”

రోజూలాగే నయీం అక్రమ్‌ను వెంటబెట్టుకుని కుళాయి దగ్గరికి వెళ్లాడు. కాళ్లూ చేతులూ తీరిగ్గా కడుక్కున్నాడు. కావాలనే ఆలస్యంగా తిరిగొచ్చాడు.

అజాన్ వినిపించింది. ఖర్జూరం నోట్లో వేసుకుని, అందరూ గంజి అందుకున్నారు. ఎవరూ తాగలేదు, అందరి చూపూ అలీ అహ్మద్ ముఖం మీదే. నయీం చేయి జుబ్బా జేబులోనే ఉండిపోయింది.

ఆయన ఒక గుక్క తాగాడు. ఆగాడు. ఇంకో గుక్క తాగాడు.

“కుదిరింది,” అన్నాడు చివరికి. “ఈ పొద్దు ఒక్కసారే వేసినావు.”

వరసలో అందరూ తాగసాగారు. అక్రమ్ బావ భుజం మీద చెయ్యి వేశాడు. నయీం జేబులోంచి పొట్లం తీసి, ముడి విప్పకుండానే అలీ అహ్మద్ ముందు పెట్టాడు.

“నేను వెయ్యాల్సిన ఉప్పు ఇదో చాచా, ఈడనే ఉంది.”