ఖరాబు కాని ఆట

ఒకప్పుడు వారాలు కుస్తీ పడితే గాని కంప్యూటర్ ఆటలు నడవని లినక్సులో ప్రతి ఆటా ముట్టుకోగానే నడవడం మొదలయ్యాక, హనుమకొండలో స్వరూపకు ఆటలు పాడుచేసే ఉద్యోగం దొరికింది. ఒకదానికి శబ్దం పోగొట్టేది, ఇంకోదానికి తెర నల్లబడేలా చేసేది. పాతకాలపు లినక్సువాళ్లు ఆ బాగుచేసే సరదా కోసమే వాటిని కొనుక్కెళ్లి వారాల తరబడి బాగుచేసుకునేవారు.

సోమవారం, లైన్‌మన్‌గా రిటైరైన యాదగిరి తాను కొన్న ఆట డిస్కును దుకాణానికి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

“ఇది ఖరాబున్నది బిడ్డా. పెట్టంగనే నడుస్తున్నది.”

స్వరూప గతుక్కుమంది. పాడుచేయడం మరిచిపోయి అమ్మేసింది. ఈ నెలలో ఇది రెండోసారి. యజమానికి తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది.

“తప్పైంది కాకా. సేటుకు చెప్పకు. మరి ఆడినవా?”

“నలభై ఏండ్ల సంది ఆటలు నడిపిచ్చుడే గని ఆడింది లేదు. తెర మీద గుర్రమెక్కినోడొకడు నా దిక్కే సూస్కుంట నిలబడ్డడు. ఏం జెయ్యాల్నో తెల్వక నేను గూడ వాన్నే సూస్కుంట కూసున్న. తెల్లారింది.”

స్వరూప ఆటను చేతిలోకి తీసుకుంది.

“ఈసారి రెండు నెలలు పట్టేటట్టు చెడగొడత.”

“చెడగొట్టు,” అన్నాడు యాదగిరి. గొంతు తగ్గించాడు. “గని ఆ గుర్రమోని జోలికి పోకు. మళ్ల వస్తనని చెప్పొచ్చిన.”