షీటు తప్పు చెప్పదు

ఆమె గుమ్మంలోకి రాగానే అటెండర్ హన్మంతు స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు.

విభాగాధిపతి మధుకర్‌కు అది నచ్చలేదు. తను వచ్చినప్పుడు కూడా హన్మంతు అంత చప్పున లేవడు.

ఆమెకు నలభై లోపే ఉంటాయి. నేత చీర, భుజాన గుడ్డసంచి, చెప్పుల నిండా దుమ్ము.

"ఏ స్టూడెంట్ కోసం వచ్చిన్రు?" అన్నాడు మధుకర్.

"ఎవరి కోసం కాదు సార్. చిట్యాల నుంచి వస్తున్న. మీరు ఇంటర్నల్ మార్కులు ఎక్కించే ఎక్సెల్ షీట్ ఉన్నది గదా, అండ్ల ఒక తప్పున్నది. చెప్పి పోదామని."

మధుకర్‌కు నవ్వొచ్చింది.

జనగామలోని ఆ కాలేజీలో కామర్స్, కంప్యూటర్ విభాగానికి ఆ షీటే ప్రాణం. మార్కులు ఎక్కిస్తే చాలు, ఎవరు పాసో, విభాగం తన లక్ష్యాన్ని ఎంత శాతం చేరిందో అదే చెప్పేస్తుంది. వాట్సాప్‌లో కాలేజీ నుంచి కాలేజీకి తిరిగే ఆ షీటును ఎవరు చేశారో ఎవరూ అడగలేదు. ఎవరి చేతికొస్తే వాళ్లు పైన తమ పేరు వేసుకున్నారు.

రెండేళ్ల కిందట బదిలీ మీద వస్తూ మధుకర్ దాన్ని వెంట తెచ్చుకున్నాడు. తన పేరూ వేసుకున్నాడు. ఆ పేరు మీదే యూనివర్సిటీలో శాలువా కప్పించుకున్నాడు. లోపలి లెక్కలకు మాత్రం తాళం ఉంది. దాని పాస్‌వర్డ్ వాడుకునేవాళ్లెవరి దగ్గరా లేదు.

"ఆ షీట్ నేనే చేసిన" అన్నాడు.

ఆమె ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసింది.

"మీరా సార్?"

"పైన పేరు కనిపిస్తలేదా? ఏంది తప్పు?"

"మొదటి పరీక్షకు రాక, మళ్ల పెట్టినప్పుడు రాసినోళ్ల మార్కులు అది తీసుకుంటలేదు. సున్నా వేస్తున్నది. మా దగ్గర ఒక పిల్లకు గట్లనే పడ్డది. అప్పుడు దొరికింది. ఇప్పటికి ఆరు కాలేజీలు తిరిగిన. ఫోన్ల చెప్తె ఎవరూ ఇంటలేరు."

"మీరేం చదివిన్రు?"

"ఏదో చదివిన సార్."

"చూడమ్మా, షీటు తప్పు చెప్పదు. ఎక్కించేటోళ్లే తప్పు ఎక్కిస్తరు. ఇంక పోయి రాండ్రి."

"మార్కులు పంపేది ఎప్పుడు సార్?"

"ఎల్లుండి."

"అయితే ఇంక టైమున్నది." సంచిలోంచి చీటీ తీసి బల్ల మీద పెట్టింది. "మీరే చేసిన్రు గాబట్టి దాని తాళం మీకు ఎరుకే ఉంటది. అయినా జర ఇది ఉంచుండ్రి. ఎట్ల దిద్దాల్నో గూడ రాసిన."

పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగింది.

"మోకాళ్ల నొప్పులు తగ్గినయా అన్నా?"

"తగ్గినయి మేడం" అన్నాడు హన్మంతు, ఇంకా నిలబడే.

మధుకర్ చీటీ మీద టీ గ్లాసు పెట్టాడు. తర్వాత దాన్ని మడిచి పెన్‌స్టాండులో కుక్కాడు.

"ఎవరొస్తే వాళ్లను లోపలికి పంపుడేనా?"

"ఆమె ఎవరో కాదు సార్..."

"నోర్మూసుకో."

మార్కులు పంపిన మర్నాడు శిరీష వచ్చింది. మహబూబాబాద్ వైపు తండా నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుంటున్న పిల్ల.

"సార్, నాకు సున్నా పడ్డది. మా అమ్మను దవాఖానల చేర్పిస్తె మొదటి పరీక్షకు రాలే. మళ్ల పెట్టినప్పుడు రాసిన. పంతొమ్మిది వచ్చినయి సార్."

"షీట్‌ల ఏమున్నదో అదే."

"ఇంటర్నల్ పోతే సెమిస్టర్ రాయనియ్యరు సార్. ఏడాది పోతది. మా నాయిన ఇంక పంపడు. జర ఒక్కసారి పేపరు చూడుండ్రి."

"షీటు తప్పు చెప్పదమ్మా."

పేపరు అతని వెనక బీరువాలోనే ఉంది. బీరువా తాళంచెవి అతని జేబులోనే ఉంది. లేవడానికి బద్ధకం, అంతే.

గోడ మీద బోర్డు ఉంది: 'ప్రతి విద్యార్థినీ లక్ష్యానికి చేర్చడమే మా లక్ష్యం.' శిరీష దాని కిందే కాసేపు నిలబడి వెళ్లిపోయింది.

శిరీషతో కలిపి సున్నాలు పడ్డ తొమ్మిది మందినీ అసలు పరీక్షకే రానివాళ్ల కింద షీటు లెక్కలోంచి తీసేసింది. విభాగం లక్ష్యం తొంభై రెండు శాతం చేరింది. మధుకర్ స్టాఫంతటికీ మిఠాయి పంచాడు.

రెండు నెలలకు యూనివర్సిటీ నుంచి ఫోను.

"మీ షీటును అన్ని కాలేజీలకూ ఇస్తున్నాం. తాళం తీసి పంపండి."

మధుకర్ ఆ పూటంతా పాస్‌వర్డులు కొడుతూ కూర్చున్నాడు. తన పేరు కొట్టాడు. కాలేజీ పేరు కొట్టాడు. సిగ్గులేకుండా తన పుట్టినతేదీ కూడా కొట్టి చూశాడు.

చివరికి చీటీ గుర్తొచ్చింది. టీ మరకతో పెన్‌స్టాండు అడుగునే ఉంది. అందులో రాసి ఉన్న పాస్‌వర్డ్ కొట్టాడు.

తాళం తెరుచుకుంది.

చీటీలో రాసినట్టే ఒక్క చోట దిద్దాడు. శిరీష పేరుకెదురుగా సున్నా పోయి పంతొమ్మిది వచ్చింది.

"హన్మంతూ, ఆ శిరీషను పిలిపించు."

"ఏడున్నది సార్ ఆ పిల్ల? మిరపకాయలు ఏరుడుకు పోతున్నదట. టీసీ గూడ పట్టుకపోయింది గదా, మీరే సంతకం పెట్టిన్రు."

తెరుచుకున్న షీటు అడుగున చిన్న అక్షరాల్లో ఒక పేరు కనిపించింది.

"ఈ జ్యోత్స్న ఎవరు?"

"ఆ రోజు వచ్చినామెనే సార్. ఈడ గెస్ట్ లెక్చరర్‌గ ఉండె. మీరు రాకముందు గీ గదిలనే కూసొని ఆ షీట్ చేసింది."

"మరి ఎందుకు పోయింది?"

హన్మంతు గోడ మీది బోర్డు వైపు చూశాడు.

"అండ్ల ఆమె తన క్లాసు మార్కులు ఉన్నదున్నట్టు ఎక్కించింది సార్, లక్ష్యం శాతం తక్కువొచ్చిందని తీసేసిన్రు."