ఇన్‌బాక్స్ మరమ్మతు

“రాలేదంటే రాలేదు! నువ్వు నాకు ఒక్క ఉత్తరం కూడా పంపలేదు,” అని మేనేజర్ బల్ల గుద్దాడు.

“మూడు పంపాను సార్. లిఫ్టు తాడు పోగులు తెగుతున్నాయి, మార్పించండి అని మూడుసార్లు మెయిల్ చేశాను,” అన్నాడు లిఫ్టు మెకానిక్. నిలబడే మాట్లాడుతున్నాడు. తలమీద సగం జుట్టు నెరిసిన ఆ మనిషిని కూర్చోమని ఎవరూ అనలేదు.

నాలుగు రోజుల క్రితం ఆ లిఫ్టు రెండో అంతస్తు నుంచి జారి కిందపడింది. లోపలున్న ఊడ్చే మనిషికి రెండు కాళ్ళూ విరిగాయి. తప్పెవరిదో తేల్చడానికి పైఆఫీసు నుంచి వచ్చిన విచారణాధికారి, మేనేజర్ పక్కనే కూర్చుని తాపీగా కాఫీ తాగుతున్నాడు.

“పంపినట్టు కాపీ ఏమైనా ఉందా?” అని అడిగాడాయన.

“స్టోర్ రూమ్ కంప్యూటర్లో ఉండేది సార్. లిఫ్టు పడ్డ మర్నాడే, పాతదైపోయిందని దాన్ని పట్టుకెళ్ళిపోయారు.”

“అబ్బో, కథలు బాగానే అల్లుతున్నాడు!” మేనేజర్ పకపకా నవ్వాడు. “స్పానరు తిప్పుకునేవాడికి మెయిళ్ళు కూడానా! తాడు చూసుకోవడం చేతకాలేదు సార్. ఇప్పుడు నా నెత్తిన రుద్దుతున్నాడు.”

“సరే, మీ ఇన్‌బాక్స్ ఒకసారి తెరవండి. ఏమీ రాలేదని రాసుకుని నేను బయల్దేరతాను.”

మేనేజర్ దర్జాగా మౌసు నొక్కాడు. ఇన్‌బాక్స్‌లో సగం వరుసలు ఖాళీగా కనిపించాయి. ఒక ఉత్తరం మీద నొక్కితే ఇంకోటి తెరుచుకుంది. మూడోసారి నొక్కేసరికి తెర కాస్తా బిగుసుకుపోయింది.

కంప్యూటర్ల గురించి మేనేజర్‌కి తెలిసింది ఒక్కటే, అవి మొరాయిస్తే ఎవర్ని తిట్టాలో. వెంటనే ఫోన్ చేశాడు. కంప్యూటర్లు బాగుచేసే ఆవిడ, లిఫ్టు లేదు కనక, మూడంతస్తులూ ఎక్కి రొప్పుతూ వచ్చింది.

“ఏమ్మా, జీతం దేనికి తీసుకుంటున్నావు? ఇదేనా నీ నిర్వాకం?”

ఆవిడ కంప్యూటర్ ముందుకు వచ్చింది. మెయిల్ ప్రోగ్రాం మూసేసి, అది ఉత్తరాలు దాచుకునే చోటు వెతికి పట్టుకుంది.

“ఇన్‌బాక్స్‌కి రెండు ఫైళ్ళుంటాయి సార్. ఈ పెద్దదాంట్లో ఉత్తరాలు. ఈ చిన్నది వాటి జాబితా. ఉత్తరాలు బాగానే ఉన్నాయి, జాబితా చెడింది. దీన్ని తీసేస్తే, ప్రోగ్రామే ఉత్తరాలన్నీ చదువుకుని కొత్త జాబితా రాసుకుంటుంది.”

“నిన్ను పాఠం చెప్పమన్నానా? అసలు నీకీ పని వచ్చా? ఒక్క ఉత్తరం పోయిందంటే నీ ఉద్యోగం పోతుంది.”

“ఒక్కటీ పోదు సార్.”

పెద్ద ఫైలుకు కాపీ తీసి పక్కన పెట్టింది. చిన్న ఫైలు తీసేసి ప్రోగ్రాం మళ్ళీ తెరిచింది. తెర అడుగున పచ్చగీత మెల్లగా పాకడం మొదలైంది. పాత ఉత్తరాలు ముందుగా, ఒకదాని కింద ఒకటి వచ్చి చేరుతున్నాయి.

“చూశారా సార్, గట్టిగా అడిగితేగానీ వీళ్ళు పని చెయ్యరు,” అన్నాడు మేనేజర్.

ఆ మాట నోట్లో ఉండగానే తెరమీద ‘లిఫ్టు తాడు గురించి’ అని ఒక వరుస వచ్చింది. తర్వాత ‘లిఫ్టు తాడు గురించి, రెండోసారి’. ఆ తర్వాత ‘దయచేసి లిఫ్టు ఆపించండి’. మూడింటి పక్కనా మెకానిక్ పేరే.

మేనేజర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. “ఇవి... నేను వీటిని...” అని నాలిక కరుచుకున్నాడు.

“డిలీట్ చేసుంటారు సార్,” అంది ఆవిడ. “అలా చేస్తే జాబితాలోంచే పోతాయి. ఫోల్డర్ని కుదించి, తీసేసినవాటిని చెరిపేదాకా పెద్ద ఫైల్లోనే పడుంటాయి. కుదించమంటారా అని ప్రోగ్రాం అడుగుతూనే ఉంటుంది. మీరు ‘తర్వాత’ అని నొక్కుతూ వచ్చినట్టున్నారు.”

విచారణాధికారి చటుక్కున లేచాడు. “ఛీ! మనిషివేనా నువ్వు? ఒకరి కాళ్ళు విరగ్గొట్టి, ముందే చెప్పినవాడి మెడకు చుడతావా? నీలాంటివాడికి లిఫ్టు కాదు కదా, మెట్లు కూడా అప్పగించకూడదు!”

“సార్, మీరే...”

“నోర్ముయ్! ఈ క్షణం నుంచి నువ్వు సస్పెండ్.” ఆయన మెకానిక్ వైపు తిరిగి గొంతు మెత్తబరిచాడు. “కూర్చో పెద్దాయనా. ఇలాంటి దొంగల్ని నేను వదిలిపెట్టను.”

మెకానిక్ కూర్చోలేదు. కళ్ళు తుడుచుకున్నాడు. “నా సంగతి అలా ఉంచండి సార్. కాళ్ళు విరిగి ఆసుపత్రిలో ఉన్న ఆ ఊడ్చే అక్కకి ఈ మాట చెబితే చాలు. తాడు సంగతి తెలిసీ నేను ఊరుకున్నాననే అనుకుంటోంది. నిన్న వెళ్తే నా మొహం కూడా చూడలేదు.”

“నేనే వచ్చి చెబుతాను, సరేనా?” అంటూ ఆయన కాగితాలు సర్దుకున్నాడు. “ఇక చాలమ్మా, కట్టెయ్.”

“ఇంకా అవలేదు సార్. తొంభై ఎనిమిది శాతం.”

“కావల్సినవి వచ్చేశాయిగా! కట్టెయ్యమంటుంటే నీక్కాదూ?”

ఆవిడ చెయ్యి కీబోర్డు మీదికి వెళ్ళేలోపే గీత చివరికి చేరింది. ఇంకో నాలుగైదు వరుసలు గబగబా దిగాయి. వాటి మధ్య పైఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం ఒకటి, లిఫ్టు పడ్డ సాయంత్రం నాటిది. ఆవిడ దాన్ని తెరిచింది. మెకానిక్ ముందుకు వంగి పైకి చదివాడు.

“మెకానిక్ రాసిన ఆ మూడూ ఇప్పుడే తీసిపారెయ్యండి. మీరేం కంగారుపడకండి, విచారణకొచ్చేది నేనే.”