పగులు ఆగేచోటు

“నేను రానంటే రాను. నన్ను ఎత్తుకుపోదామన్నా నీ నడుం చాలదు బాబూ,” అంది అత్తగారు, దుప్పటి పిండుతూ.

భూకంపాల ఆఫీసులో పనిచేసే అల్లుడు పొద్దున్నే ఊడిపడ్డాడు. వచ్చీ రాగానే, “అత్తయ్యగారూ, మా వీధి కింద భూమిలో ఉన్న పగులు ఈమధ్య తెగ కదులుతోంది. ఏదో ఒకరోజు చీల్చుకుంటూ ఇటే రావచ్చు,” అన్నాడు. ఆ తర్వాత ఆవిడ అతన్ని నోరు మెదపనిస్తేగా!

ఆవిడది పొగలు కక్కే కొండ కింద లాండ్రీ. నేలలోంచి వేడినీళ్ళు ఊరికే వస్తాయి. గిరాకీకి లోటు లేదు, ఆవిడ నోటికి అంతకన్నా లోటు లేదు.

“మీ ఇంటికొస్తే మీ అమ్మగారితో ఒకే కప్పు కింద ఉండాలి. నేను కడిగిన గ్లాసు ఆవిడ మళ్ళీ కడుగుతుంది. బట్టలుతికి బతికేదాన్ని, నాకు శుభ్రం నేర్పుతుందా? నా కూతురెలా భరిస్తోందో గానీ, నాకు ఒక్క పూటలో పిచ్చెక్కుతుంది. అంతకన్నా భూకంపమే నయం!”

“అది కాదండీ...”

“ఏది కాదు? ఆ పగులు నాదాకా వస్తుందా రాదా, అది చెప్పు.”

అల్లుడు అలమరలోంచి రెండు కొవ్వొత్తులు తీశాడు. ఒకదాన్ని అలాగే వంచాడు. టప్పున విరిగింది. రెండోదాన్ని కాసేపు వేడినీళ్ళలో ముంచి వంచాడు. వంగింది గానీ విరగలేదు.

“చల్లటి రాయి అలా విరుగుతుంది. కొండ కింద కాగిన రాయి ఇలా సాగుతుంది. పగులు ఇక్కడిదాకా వచ్చి చతికిలబడే అవకాశమే ఎక్కువ. ఊగడం ఊగుతుంది, నేల మాత్రం చీలకపోవచ్చు.”

“మరి కొండ పేలితే?”

“ఇప్పట్లో ఆ సూచనలేం లేవు. రోజూ చూస్తూనే ఉన్నాం.”

అత్తగారి మొహం వెలిగిపోయింది. “అంటే మీ మేడకన్నా నా కొంపే నయమా?”

“ముమ్మాటికీ.”

“గట్టిగా అను, పక్కింటివాళ్ళకీ వినబడాలి.”

“మీ ఇల్లే నయం!”

“దీన్ని పొగకొంపని వెక్కిరించారుగా మీ అమ్మగారు! బుద్ధున్నవాళ్ళెవరైనా ఇక్కడుంటారా, అక్కడుంటారా? పో, ఈ మాట పోయి ఆవిడకు చెప్పు!”

అల్లుడు గొంతు సవరించుకున్నాడు.

“చెప్పానండీ, పెట్టెలు సర్దుకుని వచ్చి బయట కారులో కూర్చుంది.”